ఇంటి నేల కింద

తమ్ముడు చక్రి అక్కడ ఉద్యోగానికి వెళ్ళేదాకా సైప్రస్ అనే దీవి ఒకటి ఉందని కనకలతకు తెలియదు. లిమసోల్ అనే రేవు పట్నంలో ఓడల కంపెనీ ఆఫీసులో అతను ఆరేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఆదివారం ఆదివారం వీడియో కాల్‌లో అతని భుజం వెనకాల ఓ నీలం రంగు ముక్క కనిపించేది. అదే మధ్యధరా సముద్రమనేవాడు. ఆమెకు సైప్రస్ అంటే ఆ ముక్కే.

"అక్కా, ఒక్కసారి రా. రెండు వేల ఏళ్ళ నాటి ఇళ్ళున్నాయి ఇక్కడ, తొమ్మిది వేల ఏళ్ళ నాటి ఊరుంది. భిలాయిలో ఆ సెక్టర్ 6 దాటి నువ్వేటి చూసేవు చెప్పు?" అని పోరేవాడు.

"ఇల్లొదిలి రాలేన్రా" అనేది కనకలత. ఎందుకు రాలేనంటుందో చక్రికి తెలుసు కనక మాట మార్చేసేవాడు.

ఆమె భర్త శ్యామసుందర్ భిలాయి స్టీల్ ప్లాంటులో రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో ఇంజనీరు. చీపురుపల్లి నుంచి కుర్రతనంలో వచ్చి చేరినవాడు, ఈ ఫిబ్రవరి ఆఖర్న డిప్యూటీ జనరల్ మేనేజరుగా రిటైరయ్యాడు. ఆ హోదా ఉన్నవాళ్ళందరూ పెద్ద బంగళాలకు మారిపోయారు. ఆయనకూ ఇస్తామన్నారు. కనకలత కదలనంది. దాంతో కొత్తగా పెళ్ళయినప్పుడు సెక్టర్ 6లో వచ్చిన చిన్న క్వార్టర్‌లోనే ఉద్యోగమంతా గడిచిపోయింది. ఆఫీసులో నవ్వేవాళ్ళు నవ్వారు. ఆయన పట్టించుకోలేదు.

ఆ క్వార్టర్‌లో వీధి వైపు చిన్న గది వాళ్ళమ్మాయి కృష్ణప్రియది. ఎనిమిదో ఏట కీళ్ళ జ్వరం వచ్చి పిల్ల గుండె కవాటం పాడైంది. ఆపరేషన్ చేయించారు. కొన్నేళ్ళు బడికి వెళ్ళింది, సైకిలు తొక్కింది, తల్లి "ఏటి" అన్నప్పుడల్లా "ఏటి కాదు మమ్మీ, ఏమిటి" అని వెక్కిరించింది. పదిహేనో ఏట మళ్ళీ జబ్బు పడింది. రాయపూర్ తీసుకెళ్ళారు, వేలూరు తీసుకెళ్ళారు. ఆఖరికి డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మంచం కిటికీ పక్కకు జరిపించుకుంది ప్రియ, రోడ్డు కనబడుతుందని. ఆ మంచం మీదే ఒక మధ్యాహ్నం పోయింది. అది జరిగి పదకొండేళ్ళు.

కనకలత లెక్కలో మాత్రం పిల్ల ఎక్కడికీ పోలేదు. దీపాలవేళ ఆ గది ఊడ్చి, కిటికీ తెరిచి, దీపం పెట్టి మంచం అంచున కూర్చునేది. ఆ రోజు కూరగాయలవాడితో పడ్డ తగువు, పక్కింటి మిశ్రాగారి కోడలి సంగతి, ఏదో ఒకటి చెప్పేది. చెబుతూ చెబుతూ ఉండగా గదిలో ఎవరో వింటున్నట్టు ఆమె ఒంటికి తెలిసేది. ఒక్కోసారి పిల్ల తలకు రాసే నూనె వాసన వచ్చేది. ఇవన్నీ బయట చెప్పుకునేవి కావు. శ్యామసుందర్‌కు తెలుసు, ఆయన ఏమీ అనేవాడు కాదు. ఆ గదిలో అడుగు పెట్టేవాడూ కాదు. పదకొండేళ్ళలో కూతురి పేరు ఆయన నోట ఒక్కసారి వినలేదు కనకలత. ఇనుముతో పనిచేసీ చేసీ మనిషి అలాగే అయిపోయాడని మనసులో ఒక మాట అనేసుకుని, అక్కడితో వదిలేసింది.

అలాంటి మనిషి, రిటైరైన మర్నాడు చక్రి ఫోన్ చేసి "బావా, ఇప్పుడేటి సాకు చెప్తారు?" అంటే, "వస్తాం. టిక్కెట్లు చూడు" అనేశాడు.

కనకలత తెల్లబోయింది. "మరి క్వార్టరో? రిటైరయ్యేక ఎన్నాళ్ళుండనిస్తారు?"

"అద్దె మీద ఉండడానికి దరఖాస్తు పెట్టేన్లే. కొందరికి ఇస్తున్నారు."

"మనకిస్తారంటారా?"

"ఇస్తార్లే" అన్నాడు, పేపరు మడత విప్పుతూ.

ఆ మాట పట్టుకుని బయల్దేరింది కనకలత. ఏప్రిల్ మొదట్లో వెళ్ళారు.

లిమసోల్‌లో చక్రి ఫ్లాటు సముద్రానికి దగ్గర. అతనికి పెళ్ళి కాలేదు, ఒక్కడే ఉంటాడు. సెలవు పెట్టి అక్కనూ బావనూ కారులో తిప్పాడు. ముందు పాఫోస్ తీసుకెళ్ళాడు. రోమన్ల కాలపు ధనవంతుల ఇళ్ళు అక్కడ నేలమట్టమయ్యాయి. గోడలు లేవు, కప్పులు లేవు, గచ్చులు మాత్రం మిగిలాయి. రంగురంగుల చిన్న రాళ్ళు అతికించి ఆ గచ్చుల మీద బొమ్మలు తీర్చారు. ద్రాక్షగుత్తులు, నెమళ్ళు, పరుగెత్తే లేళ్ళు, వాటి వెంట వేటకుక్కలు. వాటి మీద అడుగు పడకుండా చెక్క వంతెనలు కట్టారు. కనకలత వంతెన కమ్మీ పట్టుకుని వంగి చాలాసేపు చూసింది.

"చూసేరా, ఇల్లు పోయినా ఇంట్లో గచ్చు పోలేదు" అంది భర్తతో. ముఖం వికసించింది ఆమెకు. ఒక నెమలి ముక్కు దగ్గర రాళ్ళు ఊడిపోయి అది కోడిలా ఉందని నవ్వింది కూడా.

శ్యామసుందర్ ఆ నవ్వు చూసి దగ్గరకు వచ్చాడు. "లతా" అన్నాడు.

"ఏటండీ?"

"ఏం లేదు. నీళ్ళు తాగుతావేటి?"

ఆ మర్నాడు సముద్రం మీది కొండ అంచున కూరియన్ అనే పాత నగరం చూశారు. మెట్లు మెట్లుగా రాతి రంగస్థలం, కింద నీలంగా నీళ్ళు. ఎక్కడి నుంచో వచ్చిన బడిపిల్లలు మధ్యలో నిలబడి అరుస్తున్నారు, ఆ అరుపు పై మెట్టు దాకా వినపడుతోంది. అక్కడా శ్యామసుందర్ ఏదో చెప్పబోయాడు. మోకాళ్ళు నొప్పా అని అడిగి ఊరుకున్నాడు.

కూరియన్‌లో దొరికిన వస్తువులు దగ్గర్లోని ఎపిస్కోపి అనే ఊళ్ళో చిన్న మ్యూజియంలో పెట్టారు. చక్రి గుమ్మం దగ్గరే ఆగాడు. "లోపల అస్థిపంజరాలున్నాయి అక్కా. నీకెందుకు, కారులో కూచో" అన్నాడు. కనకలత వినలేదు. లోపల ఒక ఇంటివాళ్ళున్నారు, పదహారు వందల ఏళ్ళ కిందట భూకంపంలో కప్పు కూలితే పోయినవాళ్ళు. మగమనిషి చెయ్యి ఆడమనిషి మీద ఉంది. ఆడమనిషి చేతుల మధ్య చంటిపిల్ల. ఎముకలే, అయినా ఎవరెవరో చెప్పనక్కర్లేదు.

కనకలత కళ్ళు తుడుచుకోలేదు. అవి తడవలేదు. "ముగ్గురూ ఒకేసారి పోయేరు. అదృష్టవంతులు" అంది.

శ్యామసుందర్ గభాలున బయటికి వెళ్ళిపోయాడు. ఆమె వచ్చేసరికి కారుకు ఆనుకుని, ఆ ఊరి సందులోకి చూస్తూ నిలబడ్డాడు. ఎండ తగిలిందన్నాడు.

ఇంకో రెండు రోజులకు చక్రి వాళ్ళను ఖిరోకిటియా తీసుకెళ్ళాడు. అది తొమ్మిది వేల ఏళ్ళ నాటి ఊరు. కొండవాలు నిండా గుండ్రటి రాతి పునాదులు, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. రాళ్ళ మధ్య ఎర్రటి గసగసాల పూలు పూసి ఉన్నాయి. కొండ కింద అప్పటి ఇళ్ళ నమూనాగా మట్టి గుడిసెలు కట్టి చూపించారు, లోపలికి వంగి దూరాలి. ఆ తర్వాత మెట్లు ఎక్కుతూ పైకి వెళ్ళాలి. మధ్యలో ఒక బోర్డు దగ్గర చక్రి ఆగి, చదివి, మాట్లాడకుండా కదలబోయాడు.

"ఏటుందిరా దాన్లో?" అంది కనకలత.

"ఏదో ఉందిలే అక్కా."

"చదవరా."

తప్పదన్నట్టు చెప్పాడు. "ఇంట్లో ఎవరైనా పోతే బయటికి తీసుకెళ్ళేవారు కాదట. ఆ ఇంటి నేలలోనే గొయ్యి తీసి, ముడుచుకుని పడుకున్నట్టు పెట్టీసేవారట. పైన మళ్ళీ మట్టి అలికేసి, దాని మీదే వంటా, పడకా అన్నీ."

"పిల్లల్ని కూడానా?"

"పిల్లల్ని కూడా. దొరికినవాళ్ళలో చాలామంది చంటిపిల్లలేనట. ఆడవాళ్ళ పక్కన పూసల దండలు, రాతి గిన్నెలు పెట్టేరట. కొందరికి గుండెల మీద బండరాయి పెట్టేరట, లేచి రాకుండా కాబోలు."

కనకలత పక్కనున్న గుండ్రటి గోడ మీద కూర్చుంది. మోకాలెత్తు గోడ అది. లోపలి నేలను చూసింది, గడ్డి మొలిచిన నేల. చేత్తో నిమరబోయి, తాడు కట్టి ఉందని ఆగింది.

"వీళ్ళకి తెలుసు" అంది.

"ఏటి తెలుసు?" అన్నాడు చక్రి.

"పోయినవాళ్ళని ఇంట్లోంచి పంపీకూడదని. నేను ఆ గది పట్టుకుని వేలాడుతుంటే నన్ను అందరూ పిచ్చిదానిలా చూసేరు. ఈళ్ళు ఊరు ఊరంతా నాలాంటివాళ్ళే కాదేటి?"

ఆమె గొంతులో అంత ఊరట విని చక్రి దగ్గరకు వచ్చాడు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. ఓదార్చాలనే అన్నాడు, వేరే ఏమీ లేదు. "అలా అనుకోకక్కా. నెలాఖరుకి వైజాగ్ వెళ్ళిపోతారు కదా, కొత్త ఫ్లాటు, కొత్త చోటు. నీకూ కొంచెం..."

శ్యామసుందర్ ముఖం చూసి ఆగిపోయాడు.

"వైజాగేటి?" అంది కనకలత.

కొండ కింది రోడ్డు మీద లారీ ఒకటి గేరు మార్చుకుంటూ వెళ్ళింది.

"బావా, మీరు అక్కకి చెప్పీసేరనుకున్నాను" అన్నాడు చక్రి, దాదాపు గుసగుసగా. లేచి, వాళ్ళిద్దరినీ చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

శ్యామసుందర్ ఆమె ఎదుట నిలబడ్డాడు. "క్వార్టర్ ఇచ్చీసేను లతా. రిటైరైన వారంలోనే రాసిచ్చీసేను. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి."

"దరఖాస్తు పెట్టేనన్నారు."

"అబద్ధం చెప్పేను."

"నాతో ఒక్క మాటైనా అనలేదేటి?" అంది. కోపం ఇంకా రాలేదు ఆమెకు. అర్థం కానట్టు అడిగింది, అంతే. తర్వాత అర్థమైంది. "అందుకేనా నన్నింత దూరం తీసుకొచ్చేరు? బొమ్మలు చూపించి, సముద్రం చూపించి, ఇక్కడ చెబుదామనా? అక్కడే ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదా?"

"రాలేదు. దానెదురుగా చెప్పలేకపోయేను."

"దానెదురుగానా? మీరు దాని గుమ్మం తొక్కి ఎన్నాళ్ళయింది? దాని పేరు మీకు గుర్తుందా అసలు?"

శ్యామసుందర్ జేబురుమాలు తీసి, ముఖం తుడుచుకుని, దాన్ని చేతిలోనే పట్టుకుని నలిపాడు. ఆయన మాటలు వెతుక్కోవడం కనకలత ఎప్పుడూ చూడలేదు.

"ఆ రోజు పొద్దున్న నేను స్కూటరు తీస్తుంటే కిటికీలోంచి పిలిచింది. 'పప్పా, జల్దీ ఆనా' అంది, తొందరగా వచ్చెయ్యమని. వస్తానన్నాను. మిల్లులో పని ఆగిపోయింది ఆ రోజు, అందరం లోపలే ఉండిపోయేం. నువ్వు ఫోన్ చేసేవని నాకు బయటికొచ్చేక తెలిసింది. ఇంటికొచ్చి గేటు తీసేను. దాని మొహం కిటికీ వేపే ఉంది లతా. కళ్ళు రోడ్డు మీదున్నాయి. తర్వాత నువ్వు మూసేవు. మూసేముందు నేను చూసేను."

కనకలత కదల్లేదు.

"ఆ రోజు నుంచి ఆ గేటు తీసిన ప్రతిసారీ ఆ కిటికీలోంచి నన్ను చూస్తోంది. నువ్వు సాయంత్రం కిటికీ తెరిచి దీపం పెడతావు కదా, నాను..." ఆయన గొంతులో చీపురుపల్లి పలికింది, చిన్నప్పటి మాట. సర్దుకున్నాడు. "నేను రోడ్డు చివర పాన్ ఠేలా బండి దగ్గర స్కూటరు ఆపి నిలబడేవాణ్ణి. నువ్వు కిటికీ మూసేక వచ్చేవాణ్ణి. ఆఫీసులో లేటయిందనేవాణ్ణి. బంగళా ఇస్తామన్నప్పుడు నువ్వొద్దంటే ఊరుకున్నాను. ఉద్యోగమయ్యేదాకా ఓర్చుకుందామనుకున్నాను. ఇంక నా వల్ల కాదు."

పదకొండేళ్ళు ఒకే ఇంట్లో ఉంటూ ఇది తనకెలా తెలియకపోయిందా అని కనకలత ఆయన్ని చూసింది. జాలేసింది. ఆ జాలి వెనకే, దానికన్నా పెద్దదై, ఆ గది గుర్తొచ్చింది. గోడలకు సున్నం వేసే మనుషులు, బయటికి లాగే సామాను.

"నన్నడగాల్సింది" అంది.

"అడిగితే ఒప్పుకుందువా?"

"ఒప్పుకోను."

"మరి?"

కొంతమంది విదేశీ ముసలివాళ్ళు టోపీలు పెట్టుకుని మెట్లెక్కి వచ్చి, వీళ్ళను చూసి నవ్వి పలకరించి, పైకి వెళ్ళిపోయారు.

"మీరు దాని గుండెల మీద బండ పెట్టేరు" అంది కనకలత చివరికి. ఆయన కాదనలేదు. చెయ్యి అందించబోతే ఆమె పట్టుకోకుండా లేచి, ఒక్కర్తే దిగింది.

తిరుగు ప్రయాణం దాకా చక్రి ఇంట్లో ముగ్గురూ మంచి మాటలే మాట్లాడుకున్నారు. విమానాశ్రయంలో చక్రి అక్క కాళ్ళకు దండం పెట్టి ఏడ్చాడు. "నీ తప్పేం లేదురా" అంది ఆమె. నిజంగానే అంది.

భిలాయిలో అప్పటికి ఎండలు ముదిరాయి. సామాను సర్దడానికి పట్టుమని పది రోజులు కూడా లేవు. కనకలత ఏడవకుండా సర్దింది. వంటింటి డబ్బాలు, బట్టలు, దేవుడి పటాలు అన్నీ వైజాగ్ లారీకి. ప్రియ మంచం, ప్రియ బట్టల పెట్టె మాత్రం విడిగా వరండాలో పెట్టించింది.

"అవి కూడా ఎక్కించమంటావా?" అన్నాడు శ్యామసుందర్.

"వొద్దు. నేను రావటం లేదు."

ఇది ఆయన ఊహించిందే కావచ్చు. "ఎక్కడుంటావు?"

"ఇక్కడే, భిలాయి క్యాంప్ 1లో వరమ్మగారి వెనక వాటా ఖాళీగా ఉంది. మాట్లాడుకున్నాను."

వరమ్మ ప్లాంటు కట్టే రోజుల్లో భర్తతో శ్రీకాకుళం నుంచి వచ్చిన మనిషి. భర్త పోయాడు, ఇప్పుడు ఎనభై దాటాయి. అప్పడాలు వత్తి సెక్టర్లలో తెలుగువాళ్ళ ఇళ్ళకు అమ్మేది, అలా పరిచయం. ఆమె నెత్తీ నోరూ కొట్టుకుంది. "ఏటమ్మా, ఆపీసరు పెళ్ళానివి, ఈ ఇరుకు సందులో ఉంటావేటి? మొగుడు బంగారంలాటోడు గదా, ఆయన్నొగ్గీసి ఉంటావా?"

"ఆయన్నొగ్గీలేదు పిన్నీ. ఊరొగ్గలేకపోయేను" అంది కనకలత.

లారీ వెళ్ళిన సాయంత్రం శ్యామసుందర్ పక్కనున్న దుర్గ్‌లో వైజాగ్ బండెక్కాడు. అంతకు ముందు క్వార్టర్ తాళం ఇచ్చేసి, క్యాంప్ 1 సందులోకి వచ్చి, ఆమె వాటాలో ఫ్యాను తిరుగుతోందో లేదో చూశాడు. కుళాయి కారుతుంటే వాషరు కొనుక్కొచ్చి వేశాడు. పోట్లాట లేదు. విడిపోయామని ఇద్దరూ అనలేదు. "వెళ్ళొస్తాను" అన్నాడు. "జాగర్తండీ" అంది.

మే నెలంతా కనకలత సాయంత్రం పూట ఆటో ఎక్కి సెక్టర్ 6 వెళ్ళేది. క్వార్టర్ తాళం వేసి ఉండేది. గేటు బయట నిలబడేది, మూసిన కిటికీని చూసేది, వచ్చేసేది. అలా నిలబడినా ఆమెకు సరిపోయేది. పిల్ల లోపల ఉందనే నమ్మకం చెక్కుచెదరలేదు. రాత్రికి శ్యామసుందర్ ఫోన్ చేసేవాడు. తిన్నావా, తిన్నాను. అక్కడ ఉక్కపోత, ఇక్కడ వడగాలి. అంతే ఉండేవి మాటలు.

జూన్‌లో క్వార్టర్‌లో ఎవరో దిగారు. వారం పది రోజులు కనకలత అటు వెళ్ళలేదు. ఒకనాడు సెక్టర్ 6 మార్కెట్లో కూరగాయలు ఏరుతుంటే ఒక అమ్మాయి, ఇరవై ఐదేళ్ళుంటాయేమో, దగ్గరకొచ్చింది. పక్కింటి మిశ్రాగారి కోడలు చెప్పిందట. "ఆంటీ, మీరు మా క్వార్టర్‌లో ఉండేవారు కదా? ఆయియే నా, చాయ్ తాగి వెళ్దురుగాని" అని హిందీలో పిలిచింది. పేరు నేహా. కొత్తగా పెళ్ళయింది, భర్తకు ప్లాంటులో కొత్త ఉద్యోగం. కనకలత వద్దనబోయింది, కాళ్ళు వెంట నడిచాయి.

గేటు అదే. గోడలకు లేత ఆకుపచ్చ రంగు వేశారు. నేహా ముచ్చటపడి ఇల్లంతా చూపించింది. చిన్న గది తలుపు కూడా తీసింది. లోపల విప్పని అట్టపెట్టెలున్నాయి, ఇస్త్రీ బల్ల ఉంది. కిటికీకి పెద్ద కూలర్ బిగించారు. రోడ్డు కనబడదు. కూలర్ నడుస్తోంది, తడి గడ్డి వాసన చల్లగా కొడుతోంది.

"కొంచెం సేపు ఇక్కడ కూచుంటానమ్మా" అంది కనకలత. నేహా చాయ్ పెట్టడానికి వెళ్ళింది.

కనకలత ఒక అట్టపెట్టె మీద కూర్చుంది. "ప్రియా" అంది, నెమ్మదిగా. ఒంటికి ఏమీ తెలియలేదు. కళ్ళు మూసుకుని ఆగింది. కూలర్ మోటారు చప్పుడు తప్ప ఏమీ లేదు. కొత్తగా వేసిన రంగు వాసన, తడి గడ్డి వాసన. ఎవరూ వినడం లేదు. పిల్ల వెళ్ళిపోయిందనిపించడానికైనా ఒకప్పుడు ఉన్నట్టు ఉండాలి, అదీ లేదు. అది ఎవరిదో గది. బహుశా ఎప్పుడూ అంతేనేమో, పదకొండేళ్ళూ తను ఒక మంచంతో మాట్లాడిందేమో అనిపించేసరికి ఆమె లేచి నిలబడింది.

చాయ్ తాగింది. బాగుందంది. నేహా తల నిమిరి వచ్చేసింది.

క్యాంప్ 1కి వచ్చి, వాటా తలుపు వేసుకుని, ఆయన ఫోన్ చేసే వేళ కాకుండానే తనే చేసింది.

"ఏటయింది లతా?" అన్నాడు కంగారుగా.

"ఆ గదిలోకి వెళ్ళేను. అక్కడ లేదండి."

"ఎవరు?"

"అది. లేదు. ఎంత పిలిచినా లేదు."

అప్పుడు శ్యామసుందర్ అన్నాడు. "ఇక్కడుంది లతా."

ఆమెకు అర్థం కాలేదు.

"నాలుగో అంతస్తు కదా, రోడ్డు వేపు కిటికీ లేని ఫ్లాటే చూసుకున్నాను. వచ్చిన వారానికి మొదలయింది. నిన్న పొద్దున్న కాఫీ కలుపుకుంటూ, 'ప్రియా, పాలు విరిగేయేమో చూడమ్మా' అన్నాను. బయటికే అన్నాను. అని, జవాబు కోసం ఆగేను. ఎక్కడ కూచుంటే అక్కడుంటోంది. పారిపోయొచ్చేననుకున్నాను."

ఆయన కూతురి పేరు పలికాడు. అది విని కనకలత సంతోషించాలి. ఆమెకు అసూయ వేసింది. తన దగ్గరకు కాకుండా, మొహం చాటేసిన మనిషి దగ్గరకు వెళ్ళిందా పిల్ల? సిగ్గు కూడా వేసింది ఆ అసూయకు. అయినా అడక్కుండా ఉండలేకపోయింది.

"నా గురించి అడిగిందా?"

శ్యామసుందర్ ఏడవడం ఆమె జీవితంలో మొదటిసారి వింది, అదీ ఫోన్లో.

ఆ రోజు నుంచి రాత్రి ఫోన్లు మారిపోయాయి. ఆయన అడిగేవాడు, ఆమె చెప్పేది. ప్రియ మొదటి సైకిలు ఏ రంగుదో, ఏ మాస్టారంటే భయపడేదో. ఆయన షిఫ్టుల్లో ఉండి చూడనివన్నీ. ఆయనకూ కొన్ని తెలుసు, ఆమెకు తెలియనివి. స్కూటరు ముందు నిలబడి దారంతా హిందీలో ఎక్కాలు వల్లించేదట.

వర్షాలు తగ్గాక కనకలత వైజాగ్ వెళ్ళింది. వరమ్మ అప్పడాలు కట్టిచ్చి, "ఇంకక్కడే ఉండిపోవమ్మా" అని దీవించింది. కనకలత కూడా అలాగే అనుకుని వెళ్ళింది. శ్యామసుందర్ స్టేషనుకు వచ్చాడు, చిక్కిపోయాడు. ఇల్లు శుభ్రంగా పెట్టాడు. మొదటి రోజు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని భోంచేశారు. ప్రియ మాట ఆమె నోటిదాకా వచ్చింది. ఆయన ముఖంలోకి చూసింది. ఆ ముఖం చూస్తుంటే గేటు తీసుకుని వచ్చిన ఆ మధ్యాహ్నం కనిపించింది. ఆయనకు ఆమె చేతులు కనిపించాయేమో, పిల్ల కళ్ళు మూసిన చేతులు. ఇద్దరూ కంచాల్లోకి చూసుకున్నారు. రెండో రోజూ అంతే. సాయంత్రాలు బీచికి వెళ్ళి, పక్కపక్కన కూర్చుని, అలల గురించి, రేట్ల గురించి మాట్లాడుకుని వచ్చేవాళ్ళు. నెల గడిచేసరికి ఫ్లాటులో పాత క్వార్టర్ నిశ్శబ్దమే పేరుకుంది. ఆయన మళ్ళీ బయట ఎక్కువసేపు ఉండడం మొదలుపెట్టాడు.

"నేను వెళ్తానండి" అందొక రోజు.

"సరే" అన్నాడు. కాదంటే బాగుండునని ఆమెకు ఉంది. కాదనాలని ఆయనకూ ఉందని తెలుస్తూనే ఉంది.

దుర్గ్ బండిలో కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టాడు. నీళ్ళ సీసా ఇచ్చాడు. బండి కదిలేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడి, కదిలాక కొంచెం దూరం నడిచి ఆగిపోయాడు. బండి సింహాచలం దాటిందో లేదో ఫోన్ మోగింది.

"లతా, అది కాకరకాయ తినేదా?"

చుట్టూ జనం ఉన్నారని కనకలత లేచి తలుపు దగ్గరకు వెళ్ళింది. ఒక చేత్తో కడ్డీ పట్టుకుంది. "తినేది కాదు. ముక్కలన్నీ కంచం కింద దాచీసేది. మీరు లేచేక నాకు పెట్టీసేది."

"నాకెప్పుడూ తెలీదు."

"మీకు చెప్పొద్దనేది."

"ఇంకా?" అన్నాడు.

ఆమె చెప్పింది. విజయనగరం దాటి, బండి కొండల్లోకి వెళ్ళి, సిగ్నల్ పోయేదాకా చెబుతూనే ఉంది.